ముందు షాకర్ల రిపేరు: పాతవే బాగుచేయించాలా, కొత్త రకం వేయించాలా?

బండి కడుగుతుంటే ముందు ఫోర్కు పైపు మీద నూనె గీత కనిపిస్తుంది. తుడిస్తే పోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. వారం తిరిగేసరికి ఆ నూనెకు దుమ్ము పట్టి పైపు చుట్టూ నల్లటి వలయం కడుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఒక్క చూపులో తేల్చేస్తాడు: “ఆయిల్ సీల్ పోయింది భాయ్.” ఆ వెంటనే రెండో మాట కూడా వస్తుంది: “ఎలాగూ విప్పుతున్నాం కదా, మంచి షాకర్లే వేసేద్దామా?”

ఇంట్లో చర్చ అక్కడే మొదలవుతుంది. కాలేజీకి వెళ్లే కొడుకు పెద్ద బండ్లకు ఉండే బంగారు రంగు తలకిందుల ఫోర్కు కావాలంటాడు. అబ్బా “లీకేజీ ఆగితే చాలు, ఎందుకు దండగ ఖర్చు” అంటారు. అమ్మీ ప్రశ్న వేరు: “వర్షంలో బ్రేక్ వేస్తే బండి ఆగుతుందా, లేదా?” ఈ మూడు మాటల్లో ముందుగా తేలాల్సింది అమ్మీ అడిగినదే. ఎందుకంటే ముందు ఫోర్కు నడుముకు సుఖం ఇచ్చే వస్తువు మాత్రమే కాదు, బ్రేకులో సగం పని దానిదే.

ఫోర్కు లోపల ఏం జరుగుతుంది?

మామూలు బండికి ముందు రెండు కాళ్లు ఉంటాయి. ఒక్కో కాలులో క్రోమ్ పూత పూసిన ఇనుప పైపు ఒకటి, అది జారే అల్యూమినియం బాటమ్ కేస్ ఒకటి, లోపల పొడవాటి స్ప్రింగు, కొంచెం ఆయిల్ ఉంటాయి. స్ప్రింగు బరువు మోస్తుంది. ఆయిల్ ఆ స్ప్రింగును అదుపులో పెడుతుంది. ఆయిల్ లేకపోతే స్ప్రింగు ఒకసారి నొక్కుకున్నాక బంతిలా పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది.

బ్రేక్ వేసినప్పుడు బండి బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. అందుకే గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు ఎక్కువ పని ముందు టైరే చేస్తుంది. అదే సమయంలో రోడ్డు మీద గుంత వచ్చిందనుకుందాం. ఆయిల్ కారిపోయిన ఫోర్కు చక్రాన్ని రోడ్డుకు అదిమి పెట్టలేదు, చక్రం ఎగురుతుంది. గాలిలో ఉన్న టైరు ఎంత మంచి డిస్క్ బ్రేక్ ఉన్నా బండిని ఆపలేదు. లీకేజీని “తర్వాత చూద్దాంలే” అని వదలకూడదు అనేది ఇందుకే.

స్ప్లెండర్, షైన్ లాంటి రోజువారీ బండ్లలో ఆయిల్‌ను అదుపు చేసే పద్ధతి చాలా సాదా. లోపల ఒక గొట్టం, దానికి చిన్న రంధ్రాలు. ఫోర్కు నొక్కుకున్నప్పుడు ఆయిల్ ఆ రంధ్రాల గుండా దూరి వెళ్లాలి. బ్రేక్ వేసినప్పుడు ఫోర్కు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ఆయిల్ సులువుగా దాటిపోతుంది, బండి ముక్కు కిందికి దిగుతుంది. పదునైన గుంతలో పడ్డప్పుడు ఫోర్కు ఒక్కసారిగా కదలాలి. అంత ఆయిల్ అంత వేగంగా రంధ్రాల్లో పట్టదు, దెబ్బ నేరుగా చేతులకు తగులుతుంది.

అంటే “బ్రేక్ వేస్తే దిగిపోతోంది”, “గుంతలో చేతులు అదురుతున్నాయి” అనే రెండు ఫిర్యాదులూ అవే రంధ్రాల నుంచి వస్తున్నాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తర్వాతి నిర్ణయాలు సగం సులువవుతాయి.

ముందు జబ్బు ఏదో తేల్చాలి

“ముందు షాకర్లు పోయాయి” అని షాపుకు వచ్చే ప్రతి బండికీ షాకర్లే పోయి ఉండవు. ఫోర్కు విప్పకముందే చూడాల్సినవి నాలుగు ఉన్నాయి.

మొదటిది టైరు గాలి. పంక్చర్ షాపులో అలవాటుగా ఎక్కువ గాలి కొట్టించుకుంటే మంచి ఫోర్కు కూడా రాయిలా అనిపిస్తుంది. చైన్ కవర్ మీదో, స్వింగ్ ఆర్మ్ మీదో ఉండే స్టిక్కర్‌లో, లేదా బండి పుస్తకంలో ఎంత ఉండాలో రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు ఆ లెక్క ప్రకారం పెట్టించి ఒకరోజు నడిపి చూడాలి. దీనికి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు.

రెండోది హ్యాండిల్ కోన్ సెట్. డబుల్ స్టాండ్ వేసి, ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, రెండు ఫోర్కు కాళ్లనూ కింద పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగాలి. టక్ టక్ మని ఆట కనిపిస్తే కోన్ సెట్ వదులుగా ఉన్నట్టు. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పుతుంటే సరిగ్గా మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే బాల్స్ గుంటలు చేసేశాయన్నమాట. అలాంటి దాన్ని బిగిస్తే సరిపోదు, మార్చాల్సిందే.

మూడోది చక్రం బేరింగు. టైరును రెండు చేతులతో పట్టుకుని పక్కలకు ఊపితే ఆట తెలుస్తుంది.

నాలుగోది పైపు వంపు. బండి ఎక్కడైనా గుద్దుకుని ఉంటే, హ్యాండిల్ నిటారుగా పట్టినా బండి ఒకవైపు లాగుతుంటే, పైపులు బయటికి తీసి చదునైన గాజు పలక మీద దొర్లించి చూడాలి. వంపు ఉంటే దొర్లేటప్పుడు కింద సందు కనిపిస్తుంది. లేత్ షాపులో వంపు తీయిస్తే తక్కువలో అయిపోతుందనే మాట తరచూ వినిపిస్తుంది. కానీ వంగిన పైపును సరిచేస్తే అది ప్రమాదకరంగా బలహీనపడవచ్చని, కొత్తది వేయాలని కంపెనీల సర్వీస్ పుస్తకాలే హెచ్చరిస్తాయి. ఇద్దరి ప్రాణాలు మోసే ముక్క దగ్గర ఆ పొదుపు మంచిది కాదు.

రిపేరు అంటే ఎంతవరకు?

సీల్ ఎందుకు పోయిందో చూడకుండా సీల్ మారిస్తే నెలలోపే మళ్లీ లీకవుతుంది. క్రోమ్ పైపు మీద గోరుతో పైకీ కిందకీ రుద్దితే గోరుకు తట్టే గీతలు, తుప్పు చుక్కలు ఉన్నాయేమో తెలుస్తుంది. చిన్న గీత అయితే చాలా నున్నటి ఎమరీ పేపర్‌తో, ఆయిల్ పెట్టి సరిచేస్తారు. సీల్ నడిచే చోట తుప్పు లోతుగా తినేసి ఉంటే ఆ పైపు కొత్త సీల్‌ను కూడా కోసేస్తుంది. అప్పుడు పైపు మార్చడమే దారి.

ఒక కాలు సీల్ పోతే రెండు కాళ్లవీ మార్చాలి. రెండూ ఒకే రోజు పుట్టాయి, ఒకే రోడ్డు మీద తిరిగాయి. పైగా ఒకవైపు కొత్త ఆయిల్, ఇంకోవైపు నల్లబడ్డ పాత ఆయిల్ ఉంటే రెండు కాళ్లూ ఒకేలా పనిచేయవు. సీళ్లతో పాటు డస్ట్ సీళ్లు, అడుగు బోల్టు కింది రాగి వాషర్లు కూడా కొత్తవి వేయించాలి. ఆ చిన్న వాషర్ పాతదే పెడితే ఈసారి ఆయిల్ కింది నుంచి కారుతుంది.

లీకైన ఆయిల్ ముందు బ్రేక్ డిస్క్ మీద, ప్యాడ్ల మీద పడిందేమో తప్పకుండా చూడాలి. ఆయిల్ పీల్చుకున్న ప్యాడ్లను పెట్రోల్‌తో కడిగి మళ్లీ పెట్టడం మామూలుగా జరిగే పనే, కానీ అది తప్పు. డిస్క్‌ను శుభ్రం చేయొచ్చు, ప్యాడ్లను మాత్రం మార్చాలి.

ఇక ఆయిల్. ఇంజిన్ ఆయిల్ మిగిలిందని ఫోర్కులో పోసేస్తే కుదరదు. దాని చిక్కదనం వేరు, ఫోర్కులో పైకీ కిందకీ చిలికినప్పుడు నురగ రాకుండా ఉండాల్సిన గుణం వేరు. పుస్తకంలో చెప్పిన రకం, ఒక్కో కాలికి చెప్పినన్ని మిల్లీలీటర్లు కొలిచి పోయాలి. “కొంచెం ఎక్కువ పోస్తే గట్టిగా ఉంటుంది” అని అందాజాగా పోస్తే లోపల గాలికి చోటు తగ్గి, పెద్ద గుంతలో ఒత్తిడి పెరిగి కొత్త సీల్ మళ్లీ తన్నుకుపోతుంది.

“ఎలాగూ విప్పుతున్నాం కదా” ఎంతవరకు నిజం?

మెకానిక్ మాటలో నిజం ఉంది, కానీ అది అన్నిటికీ వర్తించదు. చక్రం తీయడం, ఫోర్కు కాళ్లు దించడం, ఆయిల్ వంపడం, మళ్లీ బిగించడం అనే కూలీ ఈ రిపేరులో ఎలాగూ పడుతుంది. ఆ కూలీతోనే అయిపోయే పనులు కొన్ని ఉన్నాయి: స్ప్రింగులు మార్చడం, లోపలి బుష్‌లు ఉంటే అవి మార్చడం, పైపులకు రబ్బరు తొడుగులు వేయడం. కోన్ సెట్ అరిగి ఉంటే దానికి కొంత అదనపు పని పడినా సగం దారి అప్పటికే విప్పి ఉంటుంది. వీటిని విడిగా ఇంకోసారి చేయిస్తే అదే కూలీ రెండుసార్లు కట్టినట్టు. ఇవి అవసరమైతే ఇప్పుడే చేయించడం తెలివైన పని.

మొత్తం ఫోర్కే మార్చడం అలా కాదు. అక్కడ పాత ఫోర్కుకు పెట్టబోయే సీళ్లూ ఆయిలూ కలిసిరావు. కొత్తగా టీ, చక్రం, యాక్సిల్, బ్రేక్ అన్నీ కదిలించాలి. అది రిపేరుతో కలిసొచ్చే పని కాదు, వేరే పెద్ద పని. ఈ రెండిటినీ ఒకే మాటలో కలిపేయడం వల్లే చాలా ఇళ్లలో లెక్క తప్పుతుంది.

అప్‌గ్రేడ్‌లో నాలుగు మెట్లు

మొదటి మెట్టు ఆయిల్ చిక్కదనం. చెప్పినదానికంటే ఒక మెట్టు చిక్కటి ఆయిల్ పోస్తే బ్రేక్‌లో దిగడం, గుంత తర్వాత ఊగడం కొంత తగ్గుతాయి. అయితే రంధ్రాల సంగతి గుర్తుంచుకోవాలి. చిక్కటి ఆయిల్ పదునైన గుంతలో దెబ్బను ఇంకా పెంచుతుంది. ఇప్పటికే చేతులు అదురుతున్నాయనే వ్యక్తికి ఇది మందు కాదు, జబ్బు పెంచేదే.

రెండో మెట్టు స్ప్రింగులు. కంపెనీ స్ప్రింగులు సగటు బరువును దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. భారీ మనిషి, లేదా ఎప్పుడూ ఇద్దరు, పైగా సామాను అయితే స్ప్రింగు ముందే చాలావరకు నొక్కుకుపోయి ఉంటుంది, గుంతకు మిగిలే దూరం తక్కువ. అలాంటివారికి సరైన గట్టి స్ప్రింగులు ఇచ్చే మేలు మిగతా వేటికంటే ఎక్కువ. ఇక్కడ ఒక పొరపాటు సాధారణం: స్ప్రింగు మీద వాషర్లు పేర్చి “గట్టిగా చేశాం” అనడం. వాషర్లు బండి ముందు భాగాన్ని కొంచెం పైకి లేపుతాయి, అంతే. స్ప్రింగు గట్టిదనం మారదు. మరీ ఎక్కువ పేరిస్తే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి ఫోర్కు మధ్యలోనే ఆగిపోతుంది.

మూడో మెట్టు లోపలి వాల్వులు. రంధ్రాల గొట్టం మీద కూర్చునే చిన్న వాల్వులు దొరుకుతాయి, వీటిని ఎమ్యులేటర్లు అంటారు. నెమ్మదిగా కదిలినప్పుడు అడ్డుకుని, ఒక్కసారిగా దెబ్బ తగిలినప్పుడు తెరుచుకుంటాయి. బ్రేక్‌లో దిగడం, గుంతలో అదరడం రెండిటినీ ఒకేసారి తగ్గించేవి ఇవే. కానీ ఇవి ఎక్కువగా పెద్ద బండ్ల కోసం తయారవుతాయి, గొట్టానికి కొత్త రంధ్రాలు వేయాలి, ఆ పని తెలిసిన ఉస్తాద్ కావాలి. వంద సీసీ బండికి ఈ ఖర్చు దాని విలువకు తగదు.

నాలుగో మెట్టు మొత్తం ఫోర్కు మార్చడం. కుర్రాళ్ల కళ్లు పడేది దీని మీదే, కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేదీ దీని దగ్గరే.

ఫోర్కు ఒక్కటే మారదు

2021 సెప్టెంబర్‌లో వచ్చిన కొత్త క్లాసిక్ 350కి 41 మిల్లీమీటర్ల ఫోర్కు పెట్టారు, పాతదానికి ఉన్నది 35. పాత బండి ఉన్నవారికి దాన్ని చూస్తే ఆశ పుడుతుంది. కానీ కంపెనీ అక్కడ ఫోర్కు ఒక్కటే మార్చలేదు. ఫ్రేమ్ కొత్తది, ముందు డిస్క్ 280 నుంచి 300 మిల్లీమీటర్లకు పెరిగింది. అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా మార్చారు. యాక్టివా సంగతీ అంతే. 2020 జనవరిలో 6జీతో ముందు టెలిస్కోపిక్ సస్పెన్షన్ వచ్చినప్పుడు ముందు చక్రం కూడా 10 అంగుళాల నుంచి 12 అంగుళాలకు మారింది. పాత యాక్టివాకు కొత్త ఫోర్కు తగిలించడమంటే ఒక వస్తువు మార్చడం కాదు.

ఫోర్కు పొడవు కొంచెం మారినా బండి ముందు భాగం వాలు మారుతుంది. దానితో చక్రం హ్యాండిల్‌ను తనంతట తాను నిటారుగా తెచ్చే గుణం మారుతుంది. పొట్టిదైతే వేగంలో హ్యాండిల్ వణకవచ్చు, పొడవైతే తిప్పడానికి బరువెక్కుతుంది. యాక్సిల్ లావు, క్యాలిపర్ పట్టు, ఏబీఎస్ సెన్సర్ ఉండే చోటు, మడ్‌గార్డు, స్పీడోమీటర్ కేబుల్ అన్నీ కుదరాలి. కుదరనివి లేత్ షాపులో కోసి, వెల్డింగ్ చేసి కుదురుస్తారు. ఆ వెల్డింగ్ ఒక వర్షపు రాత్రి గుంతలో వదిలేస్తే సర్దుకునే సమయం ఉండదు.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణానికి విరుద్ధంగా మార్పులు చేయకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగాక సర్వేయర్ వచ్చి వేరే బండి ఫోర్కు చూస్తే సొంత బండి నష్టానికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. కంపెనీ చెప్పిన సీళ్లు, ఆయిల్, పైపులు వేయించడం మాత్రం మరమ్మతే. దానికి భయపడాల్సిన పని లేదు.

టేపుతో తేల్చుకునే లెక్క

స్ప్రింగు మార్చాలా వద్దా అనేది ఇంట్లోనే తెలుసుకోవచ్చు. క్రోమ్ పైపు చుట్టూ ఒక ప్లాస్టిక్ ట్యాగ్ వదులుగా కట్టాలి. ఇద్దరు పట్టుకుని ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, ట్యాగ్‌ను కింద డస్ట్ సీల్‌కు ఆనించాలి. బండిని నెమ్మదిగా దించి, రోజూ నడిపే వ్యక్తి మామూలుగా కూర్చోవాలి, మెల్లగా దిగాలి. మళ్లీ చక్రం లేపి, సీల్ నుంచి ట్యాగ్ ఎంత పైకి జరిగిందో టేపుతో కొలవాలి.

ఫోర్కు మొత్తం కదిలే దూరంలో ఇది సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఉంటే స్ప్రింగు సరిపోయినట్టే. ఫోర్కు కదలిక 120 మిల్లీమీటర్లయితే 30 నుంచి 40 వరకు పరవాలేదు. 55, 60 వస్తుంటే స్ప్రింగు అలసిపోయిందో, బరువుకు చాలడం లేదో అర్థం. ముందు కంపెనీ పుస్తకంలోని స్ప్రింగు పొడవుతో పోల్చాలి. పొట్టిదైతే అదే రకం కొత్తవి చాలు. పొడవు సరిగ్గానే ఉండి కూడా దిగిపోతుంటే గట్టి స్ప్రింగుల గురించి ఆలోచించాలి.

ఏ ఇంటికి ఏది?

పిల్లల్ని స్కూల్లో దింపి, దుకాణానికి వెళ్లి వచ్చే వంద, నూట పాతిక సీసీ బండికి సీళ్లు, ఆయిల్, అవసరమైతే పైపులు, కోన్ సెట్, మంచి ముందు టైరు. అంతకు మించి అక్కర్లేదు. అప్‌గ్రేడ్ కోసం పక్కన పెట్టిన డబ్బులో కొంత టైరుకూ బ్రేక్ ప్యాడ్లకూ పోతే తేడా అదే రోజు తెలుస్తుంది.

రోజంతా డెలివరీ మీద తిరిగే కుర్రాడికి బండి ఆగిన ప్రతి రోజూ సంపాదన పోయినట్టే. అతనికి పుత్లీబౌలిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో సులువుగా దొరికే కంపెనీ సామానే మేలు. లేత్ షాపులో తయారైన ముక్క విరిగితే అలాంటిది మళ్లీ చేయించే దాకా బండి మూలన పడుతుంది. రబ్బరు తొడుగులు వేయించుకుంటే దుమ్ము నుంచి సీళ్లు ఎక్కువ కాలం నిలుస్తాయి.

భారీ మనిషి, పెద్ద బండి, తరచూ హైవే మీద దూర ప్రయాణాలు అయితే ఆ బండి కోసమే తయారైన స్ప్రింగులకు డబ్బు పెట్టడం న్యాయమే. అది కూడా కొలిచి చూశాకే.

బండి తీసుకునే ముందు

వాడిన ఆయిల్ రకం, ఒక్కో కాలికి పోసిన కొలత బిల్లు మీద రాయించుకోవాలి, పాత సీళ్లు అడిగి చూడాలి. యాక్సిల్ చివరి బోల్టు బిగించే ముందు ఫోర్కును రెండు మూడుసార్లు పైకీ కిందకీ నొక్కారా అని అడగాలి. అలా చేయకపోతే రెండు కాళ్లూ సమానంగా కూర్చోక ఫోర్కు బిగుసుకుపోతుంది. తర్వాత ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్‌ను గట్టిగా నొక్కి వదలాలి. ఫోర్కు నొక్కుకుని, ఒక్కసారి పైకి వచ్చి నిలవాలి, ఊగకూడదు. మొదటి రోజు నెమ్మదిగా నడిపి, సాయంత్రం పైపులను వేలితో తుడిచి చూడాలి. వేలికి నూనె అంటితే మర్నాడు పొద్దున్నే షాపుకు వెళ్లాలి.

“మంచి షాకర్లే వేసేద్దామా” అని అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు కష్టమేమీ కాదు: “ఉస్తాద్, ముందు ఇవి కొత్తప్పుడు ఎలా ఉన్నాయో అలా చేయండి. నడిపి చూశాక మాట్లాడుకుందాం.” చాలా బండ్ల విషయంలో ఆ తర్వాత మాట్లాడుకోవాల్సింది పెద్దగా మిగలదు. ఎందుకంటే ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని ఫోర్కును నడిపినవారు, అది సరిగ్గా పనిచేస్తే ఎలా ఉంటుందో ఎప్పుడో మర్చిపోయి ఉంటారు.